అద్దె జట్టునకు ఊరి పేరేల?

గూడూరు పఠనమందిరమున సాయంకాలము పత్రికలు చదువుకొనువారి నడుమ మొన్న నొక వాదము పుట్టినది. హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు 2025 అక్టోబరులో తన మకామును ఢిల్లీకి మార్చుకొని, పేరును సైతము స్పోర్టింగు క్లబ్ ఢిల్లీ యని దిద్దుకొన్న సంగతి ప్రస్తావనకు వచ్చెను. 2022లో ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచిన జట్టు మూడున్నర సంవత్సరములలో ఊరు విడిచిపోవుట యెట్లు సంభవించెనని యొక విద్యార్థి ప్రశ్నించెను. "డబ్బు చాలలేదు, పోయినది. వ్యాపారమున లాభనష్టములు సహజము. కృష్ణాజిల్లా వారికి దానితో నేమి పని?" అని యొక పెద్దమనిషి తీర్పు చెప్పి, కండ్లజోడు తీసి పెట్టెలో నుంచుకొనెను. సభ ముగిసినది. కాని న్యాయస్థానములలో నిరువది సంవత్సరములు గడపిన మా వంటివారికి సాక్ష్యము విచారింపకుండ చెప్పిన తీర్పు రుచింపదు. ఆ తీర్పుపై నీ వారము పాఠకమహాశయుల సన్నిధిని అప్పీలు దాఖలు చేయుచున్నాము.

మొదట వ్యాజ్యపు పూర్వోత్తరములు విన్నవింతుము. హైదరాబాదు క్లబ్బు 2019 ఆగస్టులో పుట్టినది. పుట్టినదనుటకంటె తరలివచ్చినదనుట సత్యము. పూణే నగరమున 2014 నుండి యాడుచుండిన క్లబ్బు ధనాభావమున మూతపడగా, లీగులో దాని స్థానమును హైదరాబాదు పేరిట వేరొక యాజమాన్యము గైకొనెను. పూణే ఆటగాండ్రలో పలువురును, పూణే జట్టునకు శిక్షకుడైన ఆంగ్లేయుడు ఫిల్ బ్రౌనును కొత్త పేరు తగిలించుకొని యిచటికి వచ్చిరి. ఆ యేడు 18 ఆటలలో రెండు మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో పది జట్లలో పదవదిగా నిలిచిరి. 2020 జనవరిలో బ్రౌనుకు ఉద్వాసన చెప్పిరి. పిమ్మట స్పెయిను దేశీయుడగు ఆల్బర్ట్ రోకాను పిలిచిరి. కొత్త సంవత్సరపు ఆటలు మొదలు కాకమునుపే, ఆగస్టులో, ఆయన బార్సిలోనా పిలుపందుకొని వెడలిపోయెను. ఆ మాసాంతమున స్పెయిను దేశీయుడే యగు మనోలో మార్క్వెజ్ వచ్చెను. ఒక్క యేడాదిలో గురుపీఠము మూడు చేతులు మారినది. గృహస్థుడు వంటవానిని సైతము ఇంత చపలముగా మార్చడు.

మార్క్వెజ్‌ను నిందించుట మా యుద్దేశము కాదు. సత్యమును సత్యముగా నొప్పుకొనవలెను. ఆయన మూడు సంవత్సరములు నిలిచెను. నిలిచినందున ఫలించెను. మొదటి యేడు అయిదవ స్థానము, రెండవ యేడు రెండవ స్థానముతోడను కప్పు, మూడవ యేడు మరల రెండవ స్థానము. పేరుపడినవారిని పెద్దధరకు కొనితెచ్చుటకంటె, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి పడుచువారికి ఆట యిచ్చి వారిని పైకి దెచ్చెను. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానమున కేరళ జట్టుతో చెరియొక గోలుగా ఆట ముగియగా, పెనాల్టీలలో 3-1గా హైదరాబాదు గెలిచెను. గోలుకాపరి లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ దినమున మూడు పెనాల్టీల నడ్డగించెను. ఆ సంవత్సరమే నైజీరియా దేశీయుడు ఒగ్బెచే 18 గోలులు కొట్టి లీగునకంతటికి మేటియైన గోలుకొట్టువాడుగా నిలిచెను. ఒక్క శిక్షకుని మూడేండ్లు ఉంచినంతనే యింత ఫలము కలిగినదను మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. తరువాత దానితో మనకు పని గలదు.

అయినను ఆ విజయమున నొక లోపము నాడే కనిపించినది. మహమ్మారి కారణమున 2020-21, 2021-22 సంవత్సరముల ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. హైదరాబాదు పేరుగల జట్టు దేశమున కెల్ల మేటియైన యేడు, గచ్చిబౌలి మైదానమున నొక్క ఆటయైనను ఆడలేదు. గెలిచిన జట్టులో గోవా, సిక్కిం, మణిపురము, ఉత్తరప్రదేశము, స్పెయిను, బ్రెజిలు, నైజీరియా గలవు. మన వీథులలో బంతి తన్ని యెదిగిన బిడ్డ పేరు ఆ గెలుపున మాకు వినబడలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలన్నారు. ఈ జట్టు రచ్చ గెలిచినది. దానికి ఇల్లే లేదు.

ఇల్లు లేనివానికి గాలివాన వచ్చినప్పుడు ఏమగునో అదియే అయినది. కొలాసోను 2021లోను, ఆశిష్ రాయ్‌ని 2022లోను కలకత్తా కొనిపోయెను. 2023లో ఆకాశ్ మిశ్రాను బొంబాయి కొనిపోయెను. ఆ యేడే మార్క్వెజ్ గోవాకు వెడలెను. ఆటగాండ్ర జీతములు నిలిచిపోయినవి. జీతము బాకీపడిన క్లబ్బు కొత్తవారిని చేర్చుకొనరాదని ప్రపంచ ఫుట్‌బాలు సంఘమగు ఫీఫా నిషేధము విధించును. ఆ నిషేధము హైదరాబాదుపై బడెను. పోయినవారు పోవుచుండిరి, వచ్చువారికి తలుపు మూయబడెను. విదేశీ ఆటగాండ్రు నడిమధ్యనే మూటలు గట్టుకొనిరి. 2023-24లో 22 ఆటలలో నొక్కటి గెలిచి, 8 పాయింట్లతో పండ్రెండవదియై కడపట నిలిచెను. కప్పు గెలిచి యింకను రెండేండ్లు నిండినది నిండకున్నది!

అప్పుడు జట్టు బరువు నెవరి నెత్తిన బెట్టిరి? మణిపురమువాడగు తంగ్బోయ్ సింగ్తో నెత్తిన. ధనము నిండుగ నున్నంతకాలము మేనేజరు ఇంగ్లండునుండియో స్పెయినునుండియో రావలెను. పాత్ర అడుగంటినప్పుడు మాత్రము స్వదేశీయుడు జ్ఞప్తికి వచ్చును. పరికరములు లేని పనివానికి పని నప్పగించి, పని చెడినదని 2024 డిసెంబరులో నాతని తొలగించిరి. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెతకు ఇంతకంటె నిదర్శనము వలదు. ఎండిన తరువాత చెట్టును గిల్లి, మందు లేదనుట న్యాయమా?

ఇపుడు మా పెద్దమనిషి తీర్పునకు వత్తము. "డబ్బు చాలలేదు" అని వారి వాదము. 2024లో నొక గొప్ప పారిశ్రామిక సంస్థ యీ క్లబ్బును గైకొన్నది. డబ్బు వచ్చినది, ఏడాది తిరుగగానే క్లబ్బే పోయినది. కావున వ్యాధి డబ్బులేమి మాత్రమే కాదు. డబ్బు వచ్చినను పోయినను జట్టును పట్టి నిలుపునది యేదియో ఇచట లేదు. దానినే మేము వేరు అందుము. ఢిల్లీ నగరము కథ చూడుడు. ఆ నగరపు డైనమోస్ క్లబ్బు 2019లో భువనేశ్వరమునకు దరలి ఒడిశా క్లబ్బైనది. ఆరేండ్లకు హైదరాబాదు క్లబ్బు ఢిల్లీకి దరలినది. పూణే స్థానము హైదరాబాదునకు, హైదరాబాదు స్థానము ఢిల్లీకి, ఢిల్లీ జట్టు ఒడిశాకు! చదరంగపు బలగమునకైనను ఏ గడిలో నుండవలెనో నియమము గలదు. వీరి కదియు లేదు.

ఊరి పేరనగా నేమి? మా వృత్తిభాషలో చెప్పెదము. గ్రామకంఠము ఎట్టిదో ఊరి పేరట్టిది. అది ఉమ్మడి సొత్తు. దానిపై నొక్కనికి పట్టా చెల్లదు. హైదరాబాదను పేరునకు ఫుట్‌బాలులో విలువ నార్జించినవారు 2019లో వచ్చినవారు కారు. ఆ యార్జన చేసినవా డొక బడిపంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా పట్టభద్రుడు, వృత్తిచే ఉపాధ్యాయుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, 1963లో మరణించువరకు ఆ పదవిని విడువలేదు. పదమూడు సంవత్సరములు! 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పు ఆ పోలీసువారిదే. ఆయనయే భారతదేశపు జట్టునకును శిక్షకుడై 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు గెలిపించెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో భారతదేశము నాలుగవ స్థానము నొందెను. నాటి జట్టులో హైదరాబాదువారు పలువురు. తుళసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ మొదలగువారు ఈ నేల బిడ్డలే.

ఆయన ఆటగాండ్రను ఏ సంతలో గొనెను? సంతకు పోలేదు. వీథులలోను, బడులలోను వెదకెను. బలహీనమైన కాలితోనే బంతి తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టెను. బంతిని కాలికంటించుకొని పరుగెత్తరాదు, వెంటనే తోడివాని కందింపవలెనను నియమముతో వేరొక పోటీ పెట్టెను. పోలీసు కొలువు ఆటగానికి అన్నము పెట్టెను. పంతులుగారు విద్య పెట్టిరి. ఈ రెండును కలిసిన చోట ఆటగాండ్రు కొరతపడలేదు. మన శివారు భూముల రైతు కీ ధర్మము తెలియును. తన నారుమడి తాను పోసికొన్నవాడు కాలువ నీరు వచ్చిన నాడే నాటు వేయును. పరాయి నారుకై మూటతో తిరుగువాడు, ధర పెరిగినను కొనవలెను, దొరకకున్న పొలము బీడు పెట్టవలెను. నారు పోసినవాడు నీరు పోయడా యందురు. నారే పోయనివాడు నీటికై యేడ్చిన నెవరు విందురు?

ఆ నారుమడి యేమైనది? బలరాం 1957లో కలకత్తా ఈస్టు బెంగాల్ క్లబ్బునకు వెడలెను. 1966లో సయ్యద్ నయీముద్దీను, మహమ్మద్ హబీబును అదే దారి బట్టిరి. మంచి ఆటగాడు పెద్ద మైదానమునకు బోవుట తప్పు కాదు. అది వానికిని, వానిని బెంచిన యూరికిని గౌరవమే. తప్పు వేరొకచోట గలదు. రహీం పంతులు పోయిన తరువాత అట్టి పంతులును మరల తయారుచేసికొనకపోవుట తప్పు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచెను. ఆ మీదట తెలుగువారి యే రాష్ట్రమునకును ఆ ట్రోఫీ దక్కలేదు. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ తుది ఆట హైదరాబాదుననే జరిగెను. ఆడినవారు వంగీయులు, కేరళీయులు. మైదానము మనది, ఆట వారిది. మనము ఆతిథ్యము మాత్ర మిచ్చితిమి.

ఇచట నొక ఆక్షేపణ వచ్చును. "దేశమంతయు నొక్కటియని చెప్పువారు మణిపురపు బిడ్డ హైదరాబాదున ఆడరాదందురా? విదేశీయుని విద్యను ద్వేషింతురా?" అని. లేదు. బందరువారి కీ పాఠము నెవరును చెప్పనక్కరలేదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలగు పెద్దలు బందరున ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించిరి. చిత్రకళ నేర్పుటకు వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయులవారు వచ్చిరి. పరప్రాంతీయుడని యెవరును తలుపు మూయలేదు. ఆయన వచ్చి, నేర్పి, శిష్యుల నిలిపి వెళ్లిరి. ఆ శిష్యులలో నొకరు అడివి బాపిరాజుగారు. పిమ్మట బాపిరాజుగారే ఆ కళాశాలకు ప్రధానాచార్యులైరి. పైనుండి వచ్చిన గురువును పరీక్షించు గీటురాయి యిది యొక్కటే: ఆయన వెళ్లిన మరునాడు ఆ పీఠమున గూర్చుండదగిన శిష్యుడు మన యింట నున్నాడా లేదా? మార్క్వెజ్ మంచి గురువే. కాని ఆయనచెంత మన తెలుగు పంతుళ్లను శిష్యులుగా కూర్చుండబెట్టి, తరువాతి వానిని తయారుచేసికొనవలెనను తలంపు క్లబ్బునకు లేకపోయెను. దోషము గురువుది కాదు. విద్యను కూలికి దెచ్చుకొని దాచుకొనలేని యజమానిది.

లోకము వంక జూచినను ఇదియే తేలుచున్నది. స్పెయినులో బిల్బావో నగరపు అథ్లెటిక్ క్లబ్బు 1898లో పుట్టినది. బాస్కు ప్రాంతమున బుట్టినవారినో, అచట ఆట నేర్చినవారినో తప్ప ఆటగాండ్రుగా జేర్చుకొనదు. శిక్షకుని విషయమున ఆ నియమము లేదు. తెలిసినవాడు ఏ దేశమువాడైనను సరే. అట్లుండియు, స్పెయిను మొదటి తరగతినుండి యొక్కనాడును దిగజారలేదు. మన దేశముననే, 2016-17లో మిజోరాము కొండలలోని ఐజాల్ క్లబ్బు, స్వల్పధనముతో, హెచ్చుగా తమ యూరి పిల్లలతో, ఐ-లీగు గెలిచెను. నాటి శిక్షకుడు ఖాలిద్ జమీల్. ఆ ఖాలిద్ జమీల్‌నే 2025 ఆగస్టులో భారతజట్టునకు శిక్షకునిగా నియమించిరి. పెరటిచెట్టు మందునకు పనికివచ్చునని దేశము తెలిసికొనుటకు ఎనిమిదేండ్లు పట్టినది.

ఇంతవరకు పరుల తప్పులు చెప్పితిమి. మా తప్పు చెప్పకున్న వాదము పూర్తికాదు. కొన్ని సంవత్సరములకు బూర్వము మా ప్రాంతమున సంక్రాంతికి చెడుగుడు పోటీలు జరిగినప్పుడు, స్వచ్ఛందసేవకులుగా జట్టు భారము వహించినవారిలో మేమును ఉంటిమి. మా పిల్లలు గెలువజాలరని భయపడి, చందాసొమ్ముతో పొరుగుజిల్లాలనుండి అయిదుగురిని కూలికి దెచ్చితిమి. కప్పు గెలిచితిమి. ఊరేగించితిమి. మరుసటి యేడు చందా తగ్గెను. వారు వేరొక యూరి పక్షమున వచ్చి మమ్మే యోడించిరి. మా పిల్లలను ఆడుమనగా, "పోయిన యేడు మేము పనికిరామంటిరి గదా!" అని మొగము ద్రిప్పుకొనిరి. ఆ కప్పు నేటికిని బీరువాలో నున్నది. దానిని గెలిచినవారి పేర్లడిగిన మాలో నొక్కడును చెప్పలేడు. అరువు సొమ్ములు బరువు చేటని నాడు మాకు దెలిసినది. హైదరాబాదున కోట్లతో జరిగిన తప్పును మేము వేలతో జేసితిమి. భేదము మొత్తమునందేగాని బుద్ధియందు లేదు.

కావున మా ప్రార్థన యిది. మరల నేదేనొక క్లబ్బు తెలుగు పట్టణము పేరు ధరింపవచ్చునప్పుడు, అది హైదరాబాదు కానిండు, విశాఖపట్టణము కానిండు, విజయవాడ కానిండు, ఆ పేరు ఉచితముగా నీయరాదు. ఒడంబడికలో మూడు షరతులు వ్రాయవలెను. మొదటిది: ఆ పట్టణపు, ఆ జిల్లాల పాఠశాలలనుండి యేటేట నింతమంది బాలుర జేర్చుకొని శిక్షణ నీయవలెను, పెద్దజట్టులో వారికి గొన్ని స్థానములు నిలుపవలెను. రెండవది: ప్రధాన శిక్షకుని మూడేండ్లకు దక్కువగాక నియమింపవలెను, ఆయన యే దేశీయుడైనను, ఆయన చెంత మనవా డొకడు సహాయకుడుగా నుండి విద్య గ్రహింపవలెను. రెండు ఆటలోడినంతనే గురువును గెంటివేయు యజమానికి ఎట్టి గురువును దక్కడు. మూడవది: ఆటగాండ్ర యేడాది జీతము ముందుగా నిలువజేయవలెను, మైదానమున టిక్కెట్టు గొని వచ్చు ప్రజలలోనుండి సభ్యులను జేర్చుకొని, వారి సమ్మతి లేనిదే జట్టు ఊరు మారరాదని వ్రాసియీయవలెను. ఈ షరతులకు జంకువాడు వ్యాపారము చేసికొనవచ్చును. తన పేరే పెట్టుకొనును గాక, మన పేరేల?

మా పెద్దమనిషి యడిగిన కడపటి ప్రశ్న మిగిలినది. కృష్ణాజిల్లావారికి దీనితో నేమి పని? మన పాఠశాలలలో ఆటస్థలము గలదు. సాయంకాలము దానిలో గేదెలు మేయుచున్నవి. వ్యాయామోపాధ్యాయుడు గలచోట ఆయనచేత లెక్కలు వ్రాయించుచున్నాము. లేనిచోట లేడని యర్జీయైనను వ్రాయకున్నాము. బందరునుండియు, పెడననుండియు, గుడివాడనుండియు, దివిసీమనుండియు ఆటగాండ్రు రాలేదని విచారించుటకు మన కధికార మెక్కడిది? రహీం పంతులు మొదట కప్పును వెదకలేదు, పిల్లవానిని వెదకెను. మనమును అచటనే మొదలుపెట్టవలెను.

వచ్చు ఆదివారము సాయంకాలము గూడూరు పఠనమందిరమున ఈ విషయమై కూడుకొందము. చేయవలసిన పను లెక్కువ లేవు: ఒక స్థలమును శుభ్రపరచుట, నాలుగు బంతులు గొనుట, ఆట తెలిసిన యొక్క ఉపాధ్యాయుని మూడేండ్లు నిలుపుటకు వలసిన చందా వ్రాయుట. మాకు దోచిన మొత్తము మేము మొదట వ్రాసెదము. ఆనాడు ప్రశ్న వేసిన విద్యార్థిని తప్పక రమ్మని కోరుచున్నాము. తీర్పు చెప్పిన పెద్దమనిషిని కండ్లజోడుతో సహా రమ్మని మరి మరి కోరుచున్నాము.